పెదవుల చదువు

మణికట్టు మీద రాసి చూస్తే ఏం తెలుస్తుంది, మణికట్టుతో ఎవరైనా మాట్లాడతారా, అనుకుంటూ ఉండగానే కౌంటర్ దగ్గరి అమ్మాయి నా చెయ్యి అందుకుని ఒక చుక్క ఫౌండేషన్ పెట్టేసింది, చల్లగా ఉంది, గులాబీ వాసన సన్నగా వస్తోంది, సీసా కంటే దాని బంగారు రంగు మూతే బరువుగా ఉన్నట్టుంది, మూస్తే టక్కుమని మెత్తగా పడుతోంది, ఆ టక్కుకే సగం ధర కట్టి ఉంటారు, చుట్టూ అద్దాలు, అద్దాల చుట్టూ దీపాలు, ఇంత పెద్ద దుకాణంలో ముఖం దాచుకోవడానికి జానెడు చోటు లేదు, మేడమ్ ఏదైనా ఫంక్షనా అని అడుగుతోంది ఆ అమ్మాయి, కాదమ్మా, సోమవారం నాకు క్లాసుంది అన్నాను, క్లాసుకా అంది, అవును, నేను చెవులు వినపడని పిల్లలకు టీచర్ని, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పిస్తాను, నా పెదవులు వాళ్లకు బాగా కనపడాలి, అందుకు ఏది పనికొస్తే అది కావాలి అన్నాను, అప్పుడా అమ్మాయి చూపు నా నోటి మీదకు దిగి, ఎడమ మూల దగ్గర కాలుజారి, గబగబా పైకెక్కి నా కళ్ల దగ్గర కూర్చుంది, ఇది నాకు కొత్త కాదు, ఈ మధ్య అందరి చూపులూ అక్కడే కాలుజారుతున్నాయి, ఒక్క పిచ్చుక చూపు తప్ప, అది నా పక్కనే నిలబడి రెప్ప వెయ్యకుండా నా నోటినే చూస్తోంది, పిచ్చుక నా పాత విద్యార్థిని, చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని నేనే ఆ పేరు పెట్టాను, ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తోంది, పెళ్లయింది, అయినా నాకు పిచ్చుకే, దానికి పుట్టుకతో వినపడదు, నా చేతికింద పెదవులు చదవడం నేర్చుకున్నవాళ్లలో దాన్ని మించినవాళ్లు లేరు, అందుకే సెలవు పెట్టించి మరీ వెంటబెట్టుకొచ్చాను, అద్దం నాకు నచ్చే మాట చెప్పొచ్చు, పిచ్చుక చెప్పదు.

దవడ మీద పెట్టి చూడమ్మా అన్నాను, స్పాంజి ఎడమ చెంప మీద టపటపా ఆనుతోంది, స్పర్శ తెలుస్తూనే ఉంది, ఆ పక్కన లేనిది కదలికే, కొన్ని నెలల కిందట ఇది మొదలైన పొద్దున కూడా అంతే, పళ్లు తోముకుని నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ మూలనుంచి జారి మెడ మీదకు కారిపోయాయి, ఇదేమిటి చంటిపిల్లలా అని నవ్వబోయి అద్దంలో చూసుకుంటే సగం ముఖం నవ్వింది, సగం ముఖం ఊరుకుంది, డాక్టర్ నరం వాచిందన్నాడు, చాలామందికి పూర్తిగా తగ్గిపోతుంది, కొందరికి కొంచెం మిగులుతుంది అన్నాడు, కన్ను మూతపడటం వచ్చింది, కనుబొమ లేచింది, పెదవి ఎడమ మూల మాత్రం అలాగే వేలాడిపోయింది, ఆ కొంచెం నా వాటాకు వచ్చింది, ఎవరికీ తెలియట్లేదులే అన్నాడు మా ఆయన పేపరు వెనకనుంచి, నా వైపు చూడకుండానే, మంచి మనిషి, చూస్తే అబద్ధం చెప్పలేడని పేపరు అడ్డం పెట్టుకున్నాడు, అక్క ఫోన్‌లో అదేమంత పెద్ద విషయమే, నీకిప్పుడు పెళ్లిచూపులా అని నవ్వించింది, నవ్వాను, నవ్వితే మూతి ఇంకా కుడివైపుకు పోతుంది, ఫోన్ కాబట్టి సరిపోయింది, వీళ్లకెలా చెప్పను, నా నోరు అందం కోసం కాదు, అది నా పనిముట్టు, అమ్మ అన్నా అప్ప అన్నా అబ్బ అన్నా పెదవుల మీద ఒకేలా ఉంటాయి, ఏ మాటో పిల్లలు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి, అది మామూలుగానే కష్టం, ఇక ఉ, ఊ, ఓ వచ్చిన చోటల్లా పెదవులు ముందుకు వచ్చి చుట్టుకోవాలి, నావి కుడిపక్కన చుట్టుకుంటాయి, ఎడమపక్కన చుట్టుకోవు, ఒక తలుపు మూసి ఒక తలుపు తెరిచిపెట్టిన వాకిలిలా, ఆ మధ్య ఒకరోజు రోడ్డు దగ్గర జరిగిందీ అదే, పిల్లల్ని పార్కుకు తీసుకెళుతున్నాను, నా రెండు చేతులూ ఇద్దరు చిన్నవాళ్లను పట్టుకుని ఉన్నాయి, సైగ చెయ్యడానికి లేదు, రెండు జడల పిల్ల ముందు నడుస్తూ రోడ్డు అంచున నిలబడి నన్ను చూసి దాటనా అన్నట్టు కళ్లెగరేసింది, ఆగు అన్నాను, దానికి రా అని కనపడింది, ఆ అనే అక్షరం దగ్గర తెరుచుకున్న నోరు ఉ దగ్గర చుట్టుకోలేదు మరి, దిగింది, సైకిల్ మీద వచ్చే అతను ఎలాగో పక్కకు తిప్పి పడ్డాడు, పిల్లకు మోకాలు గీసుకుంది, అంతే, అంతే అని అందరూ అన్నారు, నాకు మాత్రం అది దిగుతూ నమ్మకంగా నా నోటినే చూసిన చూపు ఇంకా కళ్లముందునుంచి పోలేదు.

పెద్ద టీచర్ చెడ్డ మనిషి కాదు, అదే ఇబ్బంది, చెడ్డమనిషైతే పోట్లాడి గెలవొచ్చు, స్టాఫ్ రూములో తలుపు దగ్గరగా వేసి, నా కప్పులో తనే కాఫీ పోసి, చూడమ్మా, ఇన్నేళ్లు కష్టపడ్డావు, ఇక చిన్నపిల్లల క్లాసు కొత్తమ్మాయికి ఇచ్చేద్దాం, నువ్వు లైబ్రరీ చూసుకో, బొమ్మలు, చార్టులు, నీ చేతికి మంచి పని, నోటితో పని ఉండదు అంది, చివరి మాట అన్నాక తనే నాలుక కరుచుకుంది, నేను కాఫీ ఒక పక్కనుంచి జాగ్రత్తగా తాగుతున్నాను, కారిపోతే ఆవిడ మాటకు సాక్ష్యం నేనే ఇచ్చినట్టు అవుతుంది, తాగి, కప్పు కింద పెట్టి, సోమవారం మీరు నా క్లాసులో కూర్చోండి, పిల్లలు నన్ను చదవలేకపోతే ఆ సాయంత్రమే లైబ్రరీ తాళాలు తీసుకుంటాను అన్నాను, ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట, ఆవిడ తలూపింది, అప్పటినుంచీ పట్టుకుంది నన్ను ఈ పట్టుదల, నాకు ట్రైనింగులో చెప్పిన మేడమ్ ఒకావిడ ఉండేది, పెదవులకు రంగు వేసుకోవడం మనకు సోకు కాదు, బోర్డు మీద నల్లరంగు లాంటిది అనేది, నేను ఇన్నాళ్లూ మందుల షాపులో దొరికే లేత ఎరుపు ఏదో పూసుకుని కాలక్షేపం చేశాను, ఇప్పుడు నోటికి బలం తగ్గింది కాబట్టి రంగుకు బలం పెంచాలి, అంతే, లెక్క తేలిక, ఖరీదైనవైతే ఖరీదైనవి, జపాన్‌వైతే జపాన్‌వి, ఏదో ఒక డబ్బాలో నా ఉకారం ఉండి తీరుతుంది.

మేడమ్ కాస్త పైకి చూడండి, ఎంత బాగా కలిసిపోయిందో అంటోంది ఆ అమ్మాయి, నిజమే, బాగుంది, చెంపలు తడిసిన గులకరాళ్లలా మెరుస్తున్నాయి, నోటి పక్కనుంచి గడ్డం వరకు దిగే గీతలు మాయమయ్యాయి, పదేళ్లు ఎవరో చీపురుతో ఊడ్చినట్టుంది, దీనికి జోడీ ఇది మేడమ్ అంటూ నల్లటి బరువైన గొట్టంలోంచి ఎర్రటి లిప్‌స్టిక్ తిప్పి, పైన కొంచెం గీరి, గరిటెలాంటి చిన్న పుల్లతో తీసి పెదవులకు రాసింది, మెత్తగా వెన్నలా జారింది, తళతళమంటోంది, పిచ్చుకా, అక్కడ అత్తర్ల దగ్గరకెళ్లి నిలబడు అన్నాను, క్లాసులో వెనక బెంచీ అంత దూరం, అది వెళ్లి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, చిన్నప్పుడు నిలబడినట్టే, గొంతు బయటకు రాకుండా పెదవులతోనే గూడు అన్నాను, అది కళ్లు చికిలించింది, గాడి అంది, దాని గొంతు ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది, అటు పోయేవాళ్లు తిరిగి చూశారు, వాళ్లను పట్టించుకునే అలవాటు దానికీ లేదు నాకూ లేదు, కాదు, మళ్లీ చూడు, పువ్వు అన్నాను, పిచ్చుక తల అడ్డంగా ఊపి, తెలియట్లేదు టీచర్, మెరుస్తోంది, దీపాలన్నీ మీ మూతి మీదే ఉన్నాయి, అంచు ఎక్కడుందో కనపడట్లేదు అంది, కౌంటర్ అమ్మాయి అయ్యో అది మా దగ్గర అన్నిటికంటే బాగా పోయే షేడ్ అంది నొచ్చుకుంటూ, నీ షేడ్‌కేం తల్లీ, బంగారంలా ఉంది, నా పిల్లలకే పనికిరాదు, తుడిచెయ్యి అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి కొంచెం ఆగి, నా ముఖం కేసి మొదటిసారి సూటిగా చూసి, మేడమ్, ఏమీ అనుకోరుగా, నేను సరిచేస్తాను, చూస్తారా అంది, సరిచెయ్యడం అంటే అన్నాను, చూడండి అంటూ పెదవి పెన్సిల్ తీసింది, ఎడమ మూల దగ్గర అసలు పెదవి దాటి పైకి ఒక గీత, కింద పెదవికి కొంచెం నింపుడు, కుడిపక్కన కాస్త లోపలికి, ఊపిరి బిగబట్టి గీస్తోంది, ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది, లోపల మెరుపు లేని ముదురు ఎరుపు నింపింది, మూలలో ఫౌండేషన్‌తో తుడిచి అంచు పదును చేసింది, ఇప్పుడు చూసుకోండి అని అద్దం తిప్పింది, తిప్పగానే అద్దంలో నేను, పాత నేను, తిన్నగా ఉన్న నోటితో, సమంగా ఉన్న మూలలతో, ఏమీ జరగనట్టు, ఎంత వెతుక్కున్నానో ఈ మనిషి కోసం, చెంచాల్లో, కిటికీ అద్దాల్లో, ఆపేసిన టీవీ తెరలో, ఎక్కడా కనపడని మనిషి ఇక్కడ దీపాల మధ్య కూర్చుని ఉంది, కదలకుండా ఉంటే చాలు, ఇలాగే ఇంటికి వెళితే మా ఆయన పేపరు దించుతాడు, అక్క చూస్తే ఏమే పదేళ్లు ఎక్కడ దాచావు అంటుంది, పెద్ద టీచర్ లైబ్రరీ మాట మింగేస్తుంది, ఇంకేవీ వద్దు, ఇదే తీసుకుంటాను, రోజూ పొద్దున గీసుకుంటాను, గీయడం నేర్చుకుంటాను, నేర్పడమే వృత్తి అయినదాన్ని నేర్చుకోలేనా, అనుకుంటూ పిచ్చుక వైపు తిరిగాను, అది అక్కడే నిలబడి ఉంది, దాని కళ్లు పెద్దవయ్యాయి, బాగున్నారు టీచర్ అని సైగ చేసింది, నా ఒళ్లంతా వేడెక్కింది, ఇక ఒక్క మాట చాలు, ఏ మాట అడగాలో నాకు తెలుసు, ఆగు అన్నాను, పిచ్చుక ఒక్క క్షణం చూసి, నడుచుకుంటూ నా దగ్గరకు వచ్చేసింది, ఎందుకొచ్చావు అన్నాను, రా అన్నారుగా అంది.

టిష్యూ ఇవ్వమ్మా అన్నాను, ఇంకొకటి ఇవ్వు, క్రీముంటే అదీ ఇవ్వు, కౌంటర్ అమ్మాయికి ఏం జరిగిందో అర్థం కాలేదు, పిచ్చుకే చెప్పింది, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తడుముకుంటూ, నువ్వు గీసిన పెదవి కదలదు, లోపలిది కదులుతుంది, టీచర్ నోరు చుట్టినా పైన గీత వెడల్పుగానే ఉంటుంది, ఫొటో బాగుంటుంది, మాట రాదు, అంది, ఆ అమ్మాయి నోరు తెరుచుకుని వింది, తర్వాత పెన్సిల్ మూత పెట్టేసి, అయితే గీయొద్దు, ఉన్నదాని మీదే వేద్దాం, మెరవనిది, మందంగా ఉండనిది కావాలి, రండి, అని మమ్మల్ని పక్క కౌంటర్‌కు తీసుకెళ్లింది, అది జపాన్ వాళ్లదట, అక్కడ కూర్చునే ఆవిడ భోజనానికి వెళితే తనే చూసుకుంటుందట, అక్కడ బంగారం లేదు, టక్కులూ లేవు, తెల్లటి చిన్నచిన్న డబ్బాలు, పెన్సిల్ ముక్కంత లిప్‌స్టిక్‌లు, మీగడ వడపోసినట్టున్న ఫౌండేషన్, చిటికెడు తీసి వేళ్లతో వెచ్చజేసి రాసింది, రాసినట్టే లేదు, మచ్చలు కొంచెం తగ్గాయి, నోటి పక్క గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇవి కప్పొద్దు అంది పిచ్చుక నా గీతల్ని వేలితో చూపిస్తూ, మీరు ఓ అంటే ఈ గీత ముందు కదులుతుంది, అది చూసి మేం సిద్ధమవుతాం అంది, ఇరవై ఏళ్లు నేర్పాను కానీ పిల్లలు నా గీతల్ని కూడా చదువుతున్నారని నాకు తట్టలేదు, ముసలితనం అనుకున్నవి కూడా పాఠం చెబుతున్నాయన్నమాట, వాటిని ఊడ్చిపారేసి వెలిగిపోదామనుకున్నాను.

లిప్‌స్టిక్‌లు వరసగా నా చేతి మీద గీస్తోంది ఆ అమ్మాయి, రేగుపండు రంగు, దానిమ్మ గింజ రంగు, తడి ఇటుక రంగు, ఇటుకది నా చామనఛాయ మీద స్పష్టంగా నిలబడింది, మెరుపు లేదు, సన్నని కుంచెతో అద్దింది, పుల్లతో కాదు వేలితో కాదు కుంచెతో, ఉన్న అంచు దాకానే, ఒక్క వెంట్రుకవాసి కూడా దాటకుండా, వంకర ఉన్నచోట వంకరతో సహా, అద్దం ఇవ్వబోతే వద్దన్నాను, ముందు పిచ్చుకను చూడనీ అన్నాను, ఈ దీపాల కింద కాదు, మా క్లాసులో కిటికీ వెలుతురే ఉంటుంది, మేం ముగ్గురం దుకాణం గాజు తలుపుల దగ్గరకు వెళ్లాం, బయట మధ్యాహ్నపు ఎండ, బస్సులు, పిచ్చుక మళ్లీ దూరం వెళ్లి నిలబడింది, గూడు అన్నాను, గూడు అంది, ఊరు, ఊరు అంది, పువ్వు, ఇది కొంచెం ఆలోచించి పువ్వు అంది, ఓడ, తప్పింది, ఆడ అంది, మళ్లీ అన్నాను, ఓడ అంది, పోయినవి పోగా దొరికినవే ఎక్కువ, కౌంటర్ అమ్మాయి మధ్యలో నిలబడి తనూ పెదవులు కదుపుతోంది తనకు తెలియకుండానే, మేడమ్, నన్ను కూడా ఒకటి అడగండి అంది, తనకూ గొంతు లేకుండా ఒకటి చెప్పాను, బాట అంటే పాట అంది, ప, బ ఒకేలా ఉంటాయమ్మా, తప్పు నీది కాదు అంటే ముగ్గురం నవ్వాం, నా మూతి కుడివైపుకు పోయింది, పోనీ, అప్పుడు పిచ్చుక దగ్గరకు వచ్చి నా గడ్డం పట్టుకుంది, టీచర్ని అలా పట్టుకోవడం దానికి ఎన్నడూ లేదు, పట్టుకుని నా ముఖాన్ని తనకు ఎదురుగా తిప్పి, ఇలా, ఇలా నిలబడండి అంది, మీరు పక్కకు తిప్పుతున్నారు, మంచి పక్క మాకు చూపిస్తున్నారు, సగం నోరే కనపడుతుంది, నేను తిప్పుతున్నానా అన్నాను, ఇప్పుడు కూడా తిప్పారు అంది.

తిప్పుతున్నాను, నిజమే, క్లాసులో నా కుర్చీ కిటికీ పక్కకు ఎప్పుడు జరిగిందో, చేతి రుమాలు ఎప్పుడు నోటి దగ్గరకు చేరిందో, బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని కొత్తవాళ్లకు చెప్పే నేను ఏ రోజునుంచి పిల్లలకు ముఖం చాటేస్తున్నానో నాకు తెలియనే తెలియదు, కౌంటర్ అమ్మాయి ఫౌండేషన్‌నూ ఇటుక రంగునూ తెల్ల కాగితంలో చుడుతోంది, ఆ నల్ల గొట్టం ఎర్రటిది కూడా వెయ్యమ్మా అన్నాను, అది క్లాసుకు కాదుగా మేడమ్ అంది, కాదు, అది నాకు, ఆదివారాలకు అన్నాను, కొనకుండా వెళితే నాకే బాధ, బయటకు వచ్చి బస్సు కోసం నిలబడ్డాం, పిచ్చుక నాకు ఎదురుగా నిలబడింది, అది ఎప్పుడూ పక్కన నిలబడదు, వినపడనివాళ్లకు పక్కన నిలబడటం అంటే దూరంగా ఉండటమే, టీచర్, పిల్లలకు చెప్పారా అంది, ఏం చెప్పాలి అన్నాను, మీ నోరు మారిందని చెప్పాలి అంది, వాళ్లకేం తెలియదా, చూస్తున్నారుగా అన్నాను, పిచ్చుక తల ఊపింది, కాదు అన్నట్టు, చూస్తారు, కానీ వాళ్లు చిన్నవాళ్లు, టీచర్ మాట అర్థం కాకపోతే తప్పు తమదే అనుకుంటారు, నాకే చదవడం రావట్లేదు అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని, మా ఊళ్లో మీసాల మామయ్య మాట తెలియక, నేను మొద్దునని ఏడ్చేదాన్ని, మీరే చెప్పారు, తప్పు నీది కాదు, ఆయన మీసానిది అని, అంది, అని మామూలుగా బస్సు వస్తోందేమోనని రోడ్డు కేసి చూసింది.

బస్సు వచ్చింది, పిచ్చుక దాని బస్సు ఎక్కి వెళ్లిపోయింది, నేను ఇంకా అక్కడే ఉన్నాను, రెండు జడల పిల్ల గుర్తుకొస్తోంది, మోకాలికి మందు రాస్తుంటే అది ఏడవలేదు, తలవంచుకుని సారీ టీచర్ అని సైగ చేసింది, సారీ దేనికే అని నేను నవ్వేసి బుగ్గ గిల్లి పంపించాను, దేనికో నాకు అర్థం కాలేదు అప్పుడు, ఇన్ని నెలల్లో మా ఆయన ఏమీ జరగనట్టు ఉన్నాడు, అక్క ఏమీ జరగనట్టు ఉంది, పెద్ద టీచర్ కప్పులో కాఫీ పోసింది తప్ప జబ్బు పేరెత్తలేదు, నేనూ ఏమీ జరగనట్టు ఉన్నాను, ఆ మర్యాదంతా చివరికి ముఖాలు తప్ప వేరే ఆధారం లేని పిల్లల నెత్తిన పడింది, రంగు కావాలి, ఇటుక రంగు ఉంటుంది, ఎదురుగా నిలబడతాను, అవీ కావాలి, కానీ అన్నిటికంటే ముందు కావలసింది డబ్బాల్లో లేదు, సోమవారం పెద్ద టీచర్ వెనక బెంచీలో కూర్చున్నాక నేను పాఠం మొదలుపెట్టను, బోర్డు మీద ఒక నిండు సున్నా గీస్తాను, ఇది నా పాత నోరు అంటాను, పక్కన అరసున్నా గీస్తాను, ఇది ఇప్పటి నోరు, నాకు జబ్బు చేసింది, ఇది ఇక ఇలాగే ఉంటుంది, ఇన్నాళ్లూ మీకు అర్థం కాకపోతే తప్పు మీ చదువుది కాదు, మీకు చెప్పనిది నేను, ఇప్పుడు చెబుతున్నాను, దగ్గరకు రండి, ఒక్కొక్కళ్లూ వచ్చి చేత్తో పట్టుకుని చూడండి, ఎక్కడ కదులుతుందో ఎక్కడ కదలదో, తర్వాత మనం ఈ నోటిని మొదటి అక్షరంనుంచి చదువుకుందాం, అంటాను, క్లాసు ఉంటుందో పోతుందో పెద్ద టీచర్ ఇష్టం, ఈ నోరు మాత్రం మా పిల్లలకు వచ్చి తీరాలి, దీన్ని వాళ్లకు నేర్పగలిగినదాన్ని నేను ఒక్కదాన్నే.